స్టెనో ప్రాక్టీస్‌కి ఏ సాఫ్ట్‌వేర్ కొనాలి? ముందు కార్డ్ పర్సులో పెట్టేయండి

“అన్నయ్యా, కార్డ్ చేతిలో పట్టుకునే కూర్చున్నాను. ఏది కొనమంటారు?”

రెండు వారాల కిందట మా ఆవిడ స్నేహితురాలు ఫ్రిస్కో నుంచి ఫోన్ చేసి అడిగిన మాట ఇది. ఆవిడకి ఈ మధ్యే వర్క్ పర్మిట్ వచ్చింది. డల్లాస్ చుట్టుపక్కల మనవాళ్లలో చాలామంది పట్టుకునే టెస్టింగ్ కోర్సు జోలికి వెళ్లకుండా, కోర్ట్ రిపోర్టింగ్ నేర్చుకుందామని ఆన్‌లైన్ స్కూల్లో చేరింది. స్కూల్ వాళ్లు పంపిన లిస్టులో స్టెనో మెషిన్ ఒకటి, దానికి సాఫ్ట్‌వేర్ ఒకటి ఉన్నాయి. మెషిన్ అద్దెకి దొరికింది. సాఫ్ట్‌వేర్ దగ్గర ఆగిపోయింది. ఒక్కొక్కరు ఒక్కో పేరు చెబుతున్నారట, ధరలు చూస్తే కళ్లు తిరుగుతున్నాయట.

“ముందు ఆ కార్డ్ పర్సులో పెట్టేయమ్మా, తర్వాత మాట్లాడుకుందాం” అన్నాను. అలా మాట్లాడుకున్నది గంటన్నర. ఇక్కడ రాస్తున్నది దాదాపు అదే, కాస్త కోపం తగ్గించి.

ఈ సైట్‌లో నా పేరు చూసేవాళ్లకి నేను మెకానికల్ కీబోర్డుల మనిషినని తెలుసు. స్విచ్‌లు, కీక్యాప్‌లు, బ్లూటూత్ లేటెన్సీ, ఇవే నా గొడవ. రెండున్నరేళ్ల కిందట కాంట్రాక్ట్ ఉద్యోగం పోయాక, నలభై ఒకటో ఏట, ఆ పిచ్చే నన్ను స్టెనో మెషిన్ దగ్గరికి తీసుకెళ్లింది. మొదట సరదా, తర్వాత అవసరం. ఇల్లు ఆవిడ జీతం మీద నడుస్తున్నప్పుడు మనం పెట్టే ప్రతి డాలర్‌కీ లెక్క చెప్పాలి. నేను చెప్పలేకపోయిన లెక్కలు రెండున్నాయి. వాటి సంగతి కింద రాస్తాను.

అసలు ఈ మెషిన్ ఏంటి?

స్టెనో మెషిన్ చూడనివాళ్ల కోసం నాలుగు ముక్కలు. కీల మీద సాధారణంగా అక్షరాలేవీ ఉండవు. కీలు ఇరవై రెండే, పైన అంకెల కోసం ఒక పొడవాటి బార్. ఎడమ చేతికి పదం మొదట్లో వచ్చే హల్లులు, రెండు బొటనవేళ్లకి నాలుగు అచ్చులు, కుడి చేతికి చివర్లో వచ్చే హల్లులు. అన్నీ కలిపి ఒక్కసారే నొక్కి ఒక్కసారే వదలాలి. ఒక నొక్కుడికి ఒక సిలబుల్, ఒక్కోసారి మొత్తం మాట. ఇంగ్లిష్ అక్షరాలు వరసగా పేర్చుకుంటూ పోయే అలవాటు ఉన్నవాళ్లకి ఇది వింతగా ఉంటుంది కానీ మనకి అంత కొత్తేం కాదు. హల్లు, అచ్చు కలిసి ఒకే అక్షరం అవడం గుణింతంలో చిన్నప్పుడే నేర్చుకున్నాం కదా.

ఎడమవైపు డి అనే అక్షరానికి విడిగా కీ లేదు. టి, కె కలిపి నొక్కితే డి. హెచ్, ఆర్ కలిపితే ఎల్. పి, డబ్ల్యూ కలిపితే బి. అంటే ‘డాగ్’ అని రాయాలంటే టి, కె, ఓ, జి నాలుగూ ఒకేసారి. మెషిన్‌కి తెలిసింది ఆ నాలుగు కీలే. దాన్ని ‘డాగ్’గా మార్చి స్క్రీన్ మీద చూపించేది సాఫ్ట్‌వేర్. అది తన దగ్గరున్న డిక్షనరీలో వెతుకుతుంది. ఇక్కడ డిక్షనరీ అంటే అర్థాల పుస్తకం అనుకోకండి. ఏ నొక్కుడికి ఏ మాట అని రాసిపెట్టుకున్న పెద్ద జాబితా. కోర్టులో తరచూ వచ్చే ‘లేడీస్ అండ్ జెంటిల్మెన్ ఆఫ్ ద జ్యూరీ’ లాంటి పొడవాటి మాటని ఒకే నొక్కుడులో రాసేలా మనమే పెట్టుకోవచ్చు. వీటిని బ్రీఫ్‌లు అంటారు.

ఇక వేగం. అమెరికాలో కోర్ట్ రిపోర్టర్ల జాతీయ సంఘం ఎన్‌సీఆర్‌ఏ. వాళ్లిచ్చే సర్టిఫికెట్లలో ఒకటి ఆర్‌పీఆర్. దానికి మూడు డిక్టేషన్లు, ఒక్కోటి ఐదు నిమిషాలు: నిమిషానికి 180, 200, 225 పదాలు. 95 శాతం సరిగ్గా ఉండాలి. 225 వేగంలో ఐదు నిమిషాలంటే 1125 పదాలు, అందులో 56 తప్పుల దాకా క్షమిస్తారు. పైగా రాశాక సరిదిద్దుకోవడానికి టైమ్ ఉంటుంది. రియల్‌టైమ్ సర్టిఫికెట్ సీఆర్‌ఆర్‌లో వేగం 200 మాత్రమే, కానీ 96 శాతం కావాలి, దిద్దుకోవడం ఉండదు. వేళ్ల కింద నుంచి ఏది వస్తే అదే మీ ఆన్సర్ షీట్. వెయ్యి పదాలకి నలభై తప్పులు దాటితే ఇంటికే. చదివితే రెండోది తేలిక అనిపిస్తుంది. కూర్చుంటే తెలుస్తుంది.

రియల్‌టైమ్ ప్రాక్టీస్ అని నేను వేరుగా మాట్లాడేది అందుకే. దిద్దుకోవడానికి వీలున్న రాతకీ, జడ్జి ముందున్న స్క్రీన్ మీద అప్పటికప్పుడు కనిపించే రాతకీ వేళ్ల అలవాటే వేరు. చెవిటివాళ్ల కోసం క్లాస్‌రూముల్లో లైవ్ క్యాప్షన్లు రాసేవాళ్లదీ ఇదే పని. అక్కడ మీ తప్పు చదివే మనిషికి మీ స్క్రీన్ తప్ప వేరే ఆధారం లేదు.

ఇండియాలో ఉన్నవాళ్లకి ఒక మాట. ఎస్‌ఎస్‌సీ స్టెనోగ్రాఫర్ పరీక్షకి చదువుతుంటే ఇక్కడితో ఆపేసి మీ పని చూసుకోండి. అది పెన్ను, కాగితం షార్ట్‌హ్యాండ్. గ్రేడ్ సికి నిమిషానికి 100 పదాలు, గ్రేడ్ డికి 80, పది నిమిషాల డిక్టేషన్, తర్వాత కంప్యూటర్‌లో టైప్ చేయాలి. మన జిల్లా కోర్టుల్లో సాక్షి తెలుగులో చెబితే జడ్జిగారు దాన్ని ఇంగ్లిష్‌లో డిక్టేట్ చేయడం చాలాచోట్ల పద్ధతి. సుప్రీంకోర్టు అయితే 2023 ఫిబ్రవరిలో రాజ్యాంగ ధర్మాసనం విచారణకి ఏఐ లైవ్ ట్రాన్‌స్క్రిప్ట్ మొదలుపెట్టింది. ఈ మధ్యలో స్టెనో మెషిన్‌కి అక్కడ చోటు లేదు. నేను మాట్లాడేది అమెరికా కోర్టుల సంగతి.

ఏఐ ఉండగా ఇదంతా ఎందుకని అడుగుతారు. నేనూ అడిగాను, మా ఆవిడ నాకంటే ముందే అడిగింది. ఇద్దరు లాయర్లు ఒకేసారి అరుచుకుంటున్నప్పుడు “ఆగండి, మళ్లీ చెప్పండి” అనగలిగే మనిషి, రికార్డు మీద సంతకం పెట్టి బాధ్యత తీసుకునే మనిషి ఇంకా కావాలనే నా నమ్మకం. పదిహేనేళ్ల తర్వాత సంగతి నేను రాసివ్వలేను.

నేను పోగొట్టుకున్న రెండు

కోర్సులో చేరిన మూడో నెల. అసలైన ప్రొఫెషనల్ సాఫ్ట్‌వేర్ ఉంటేనే వేళ్లు కదులుతాయని నాలో నాకే ఒక భ్రమ. కొత్త లైసెన్స్ వేల డాలర్లు. ఆన్‌లైన్‌లో ఒకాయన పాత వెర్షన్, యూఎస్‌బీ డాంగిల్‌తో సహా 600 డాలర్లకి అమ్ముతున్నాడు. కొన్నాను. డాంగిల్ వచ్చింది, ఇన్‌స్టాల్ అయింది, రిజిస్టర్ చేయబోతే ఆ లైసెన్స్ వేరే వాళ్ల పేరు మీద ఉందని, బదిలీ కుదరదని తేలింది. అమ్మినాయన ఫోన్ ఎత్తడం మానేశాడు. ఏ కంపెనీదో చెప్పను, ఎందుకంటే తప్పు వాళ్లది కాదు. లైసెన్స్ షరతులు చదవకుండా సెకండ్ హ్యాండ్ ఫోన్ కొన్నట్టు కొన్నాను. ఐఎమ్ఈఐ చెక్ చేయకుండా ఫోన్ కొనొద్దని ఇదే సైట్‌లో రాసినవాణ్ని నేనే.

రెండోది డబ్బు పరంగా చిన్నది, కానీ నన్ను ఏడిపించింది అదే. బ్రౌజర్‌లోనే నడిచే ఒక ప్రాక్టీస్ సర్వీస్‌కి నెలనెలా కట్టేవాణ్ని. డిక్టేషన్ వాళ్లదే, ట్రాన్స్‌లేషన్ వాళ్లదే, మార్కులు వాళ్లే వేస్తారు. చాలా సుఖం. కొత్త బ్రీఫ్ తట్టినప్పుడల్లా అక్కడే చేర్చుకుంటూ పోయాను. మూడు నెలల్లో దాదాపు వెయ్యి. ఒక నెల కార్డ్ మారి పేమెంట్ ఆగింది, నేను గమనించలేదు. అకౌంట్ మూసుకుపోయింది. మళ్లీ కట్టాక అకౌంట్ తెరుచుకుంది కానీ అందులో నా డిక్షనరీ లేదు. ఎక్స్‌పోర్ట్ బటన్ అంతకుముందు కూడా లేదన్న సంగతి అప్పుడు చూశాను. సపోర్ట్ వాళ్లు మర్యాదగానే మాట్లాడారు. పోయింది పోయింది.

ఆ వెయ్యి ఎంట్రీలు కాగితం మీద చూస్తే ఏమంత విషయం కాదు. కానీ వాటిలో సగం అప్పటికే నా వేళ్లలోకి వెళ్లిపోయాయి. వేళ్లు రాసేస్తున్నాయి, స్క్రీన్ మీద పిచ్చి అక్షరాలు వస్తున్నాయి. ఏ నొక్కుడికి ఏ మాట పెట్టుకున్నానో ఒక్కోటి గుర్తు తెచ్చుకుంటూ మళ్లీ చేర్చుకోవడానికి వేసవి మొత్తం పట్టింది. 140 వేగం దగ్గర ఎనిమిది నెలలు ఇరుక్కుపోవడానికి అదొక్కటే కారణం అనను, కానీ పెద్ద కారణం.

కాబట్టి సాఫ్ట్‌వేర్ ఏదైనా నేను మొదట అడిగే ప్రశ్న ఫీచర్ల గురించి కాదు. నా డిక్షనరీని నేను ఎప్పుడు కావాలంటే అప్పుడు ఫైల్‌గా బయటికి తీసుకోగలనా? దీనికి ఈ రంగంలో ఆర్‌టీఎఫ్ మీద కట్టిన ఒక ఉమ్మడి ఫార్మాట్ ఉంది, పెద్ద సాఫ్ట్‌వేర్లన్నీ దాన్ని చదువుతాయి, రాస్తాయి. ఆ బటన్ ఎక్కడుందో కొనే ముందు మీ కళ్లతో చూడండి. సేల్స్ వాళ్లు ఉందని చెబితే చాలదు, ట్రయల్‌లో ఒకసారి ఎక్స్‌పోర్ట్ చేసి ఫైల్ తెరిచి చూడండి.

ఉచితంగా దొరికేది ముందు వాడండి

కోర్ట్ రిపోర్టింగ్ సాఫ్ట్‌వేర్‌లని క్యాట్ అంటారు. ఎక్కువగా వినిపించే పేర్లు స్టెనోగ్రాఫ్ వాళ్ల కేస్ క్యాటలిస్ట్, అడ్వాంటేజ్ వాళ్ల ఎక్లిప్స్. స్టెనోవేషన్స్ వాళ్ల డిజిటల్‌క్యాట్ కూడా ఉంది. ఇవన్నీ విండోస్ ప్రోగ్రాములు. మ్యాక్‌బుక్ ఉన్నవాళ్లు ఈ ఒక్క ముక్క దగ్గర రెండుసార్లు ఆలోచించుకోండి. పూర్తి లైసెన్స్ వేల డాలర్లు, దాని మీద ఏటా సపోర్ట్ ఫీజు. స్కూల్లో చేరినట్టు రుజువు చూపిస్తే స్టూడెంట్ వెర్షన్లు బాగా తక్కువకి దొరుకుతాయి. వాటితో డబ్బులొచ్చే పని చేయకూడదు, అంతే తేడా అనుకోండి ప్రాక్టీస్ వరకు.

ఇవేవీ కాకుండా ప్లవర్ అని ఒకటుంది. న్యూయార్క్‌లో లైవ్ క్యాప్షనింగ్ చేసే మిరబాయ్ నైట్ 2010 ప్రాంతంలో ప్రోగ్రామర్ జాషువా లిఫ్టన్‌తో కలిసి మొదలుపెట్టిన ఓపెన్ సోర్స్ ప్రాజెక్ట్. పైసా కట్టక్కర్లేదు. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలో నడుస్తుంది. మీరు నొక్కింది మాటగా మార్చి, మామూలు కీబోర్డ్‌తో టైప్ చేసినట్టే ఏ యాప్‌లో కావాలంటే ఆ యాప్‌లోకి పంపుతుంది. నోట్‌ప్యాడ్, వాట్సాప్ వెబ్, ఏదైనా. నేను ఈ ఆర్టికల్‌కి ఇంగ్లిష్‌లో నోట్స్ రాసుకున్నది దాంతోనే.

దీని డిక్షనరీ జేసన్ ఫైల్. నోట్‌ప్యాడ్‌లో తెరిచి చదువుకోవచ్చు, కాపీ చేసి పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోవచ్చు, మెయిల్ చేసుకోవచ్చు. ఒకదాని మీద ఒకటి డిక్షనరీలు పేర్చుకోవచ్చు: కింద లక్షకు పైగా మాటలున్న వాళ్ల డిక్షనరీ, దాని మీద మీ స్కూల్ వాళ్లది, అన్నిటికంటే పైన మీ సొంతది. ఒకే నొక్కుడు రెండింట్లో ఉంటే పైది గెలుస్తుంది. ఆర్‌టీఎఫ్ డిక్షనరీలని కూడా తెరుస్తుంది కాబట్టి రేపు క్యాట్ సాఫ్ట్‌వేర్‌కి మారినా మీ సామాను మీతో వస్తుంది. ఒక్కసారి చెయ్యి కాల్చుకున్నవాణ్ని, నాకు ఇదే పెద్ద ఫీచర్.

మెషిన్ కూడా లేకుండా మొదలుపెట్టొచ్చు. మామూలు కీబోర్డ్‌నే స్టెనో మెషిన్‌లా వాడనిస్తుంది ప్లవర్. కానీ ఇక్కడ నా పాత సబ్జెక్ట్ వస్తుంది: మీ కీబోర్డ్‌కి ఎన్-కీ రోలోవర్ ఉండాలి. చాలా ల్యాప్‌టాప్ కీబోర్డులు కొన్ని కాంబినేషన్లలో మూడు నాలుగు కీలకే చేతులెత్తేస్తాయి. స్టెనోలో ఒకేసారి పది కీలు పడే సందర్భాలు మామూలే. రోలోవర్ లేకపోతే ఆర్పెజియేట్ అని ఒక ఆప్షన్ ఉంది, కీలు ఒక్కొక్కటిగా నొక్కి చివర్లో స్పేస్ కొట్టాలి. థియరీ అర్థం చేసుకోవడానికి సరిపోతుంది, వేగానికి పనికిరాదు. హాబీ వాళ్లు చేసే స్టెనోకీబోర్డ్స్ యూని, జార్జి లాంటివి ప్రొఫెషనల్ మెషిన్‌తో పోలిస్తే చాలా చౌక. స్టెనోగ్రాఫ్ లూమినెక్స్ లాంటివి వేల డాలర్లు. పాత ప్రొఫెషనల్ మెషిన్లు వాడే ప్రోటోకాల్స్‌లో చాలావాటిని ప్లవర్ అర్థం చేసుకుంటుంది, కొత్త వాటికి ప్లగిన్లున్నాయి. అద్దెకి తెచ్చుకున్న మెషిన్ మోడల్ పేరు చూసుకుని ముందే చెక్ చేసుకోండి.

డ్రిల్స్‌కి స్టెనో జిగ్, టైపీ టైప్ రెండూ బ్రౌజర్‌లో నడుస్తాయి, ఉచితం. టైపీ టైప్‌లో మీ సొంత పదాల లిస్టు పెట్టుకుని సాధన చేసుకోవచ్చు. అక్కడ పోయేది మీ స్కోరే, డిక్షనరీ మీ కంప్యూటర్‌లోనే ఉంటుంది.

సాయం చేసే ఫీచరే దెబ్బ కొట్టింది

ఇక్కడ నాతో ఒప్పుకోనివాళ్లు చాలామంది ఉంటారు. నాకు నేర్పే ఆవిడ కూడా పూర్తిగా ఒప్పుకోలేదు.

ఇప్పటి క్యాట్ సాఫ్ట్‌వేర్లు తెలివైనవి. మీరు ఒక కీ అదనంగా తగిలించినా, ఒకటి మిస్ అయినా, ఏ మాట అయ్యుంటుందో ఊహించి సరైనదే చూపిస్తాయి. ఎక్లిప్స్‌లో దీన్ని ట్రాన్స్‌లేషన్ మ్యాజిక్ అంటారు. ఉద్యోగంలో ఉన్నవాళ్లకి వరం. ఎనిమిది గంటల ట్రయల్ రాసి వేళ్లు అలిసిపోయినప్పుడు ఎవరైనా వాడాల్సిందే. నా గొడవ దాన్ని ప్రాక్టీస్‌లో వాడటంతో.

పోయిన ఏడాది ఒక క్యాట్ సాఫ్ట్‌వేర్ స్టూడెంట్ వెర్షన్‌లో ఇలాంటి ఊహించే ఫీచర్ ఆన్‌లో పెట్టుకుని నాలుగు నెలలు సాధన చేశాను. 160 వేగంలో వారంవారం 97 శాతం వస్తోంది. ఇంట్లో కాస్త మెడ పైకెత్తి తిరిగాను కూడా. ఒకరోజు మా టీచర్ ఆ ఫీచర్ ఆపేసి అదే వేగంలో డిక్టేషన్ ఇచ్చింది. 91. ఆ ఆరు శాతం తేడా నా వేళ్లది. ఏ మాటకీ సరిపోని చెత్త నొక్కులు నాలుగు నెలలుగా వేస్తున్నాను, సాఫ్ట్‌వేర్ వెనకాల నిలబడి ఊడ్చేస్తోంది, నాకు తెలియలేదు.

తర్వాత కూర్చుని పాత నోట్స్ తిరగేస్తే తప్పులన్నీ రెండు మూడు రకాలే. వేగం పెరిగినప్పుడు రెండు నొక్కుళ్లు ఒకదాని మీద ఒకటి పడిపోవడం, దీన్ని స్టాకింగ్ అంటారు. పక్క కీ తేలిగ్గా తగలడం, అది షాడోయింగ్. నాది కుడి చిటికెన వేలు. అక్కడున్న నాలుగు కీల మధ్య అది ఎటు పోతుందో దానికే తెలియదు. ఇది మొదటి నెలలోనే కనిపించి ఉంటే రోజూ పది నిమిషాల డ్రిల్‌తో పోయేది. నాలుగు నెలలు ముదిరాక వదిలించుకోవడానికి ఇంకో నాలుగు నెలలు.

ప్లవర్‌కి ఈ తెలివి లేదు. డిక్షనరీలో లేని నొక్కుడు వేస్తే ఆ కీల అక్షరాలే మొహం మీద కొట్టినట్టు స్క్రీన్ మీద పడతాయి. పక్కన పేపర్ టేప్ విండోలో నేను ఏ కీలు నొక్కానో వరసగా కనిపిస్తుంది. నేర్చుకునేవాడికి కావలసింది ఇదే. పొగిడే సాఫ్ట్‌వేర్ తర్వాత ఎప్పుడైనా కొనుక్కోవచ్చు. క్యాట్ వాడుతున్నవాళ్లు ప్రాక్టీస్ కోసం విడిగా ఒక యూజర్ ప్రొఫైల్ పెట్టుకుని అందులో ఊహించే ఆప్షన్లన్నీ ఆపేయండి. మెషిన్ సెట్టింగుల్లో కీ సెన్సిటివిటీ కూడా చూడండి. షాడోయింగ్ కనిపించకుండా కీలు గట్టి చేసుకోవడం మొదటి ఆరు నెలల్లో వద్దు.

మార్కులు వేసుకోవడానికి నేను వాడేది మైక్రోసాఫ్ట్ వర్డ్. డిక్టేషన్ అసలు టెక్స్ట్ ఒక ఫైల్, నేను రాసింది ఒక ఫైల్, రివ్యూలో కంపేర్ కొడితే తేడాలన్నీ ఎర్రగా వస్తాయి. టెస్టింగ్ ఉద్యోగం నాకు నేర్పిన కొద్ది విషయాల్లో ఒకటి: పాస్ అయిందా లేదా అన్న నంబర్ కంటే ఏది ఫెయిల్ అయిందన్న లిస్టే విలువైనది. ఆ ఎర్ర మాటల్ని రోజూ ఒక ఫైల్‌లో పెట్టుకుని మర్నాడు వాటితోనే డ్రిల్ మొదలుపెడతాను. ‘దేర్’ అని పలికే మూడు మాటలకి మూడు వేర్వేరు నొక్కుళ్లు ఉండాలి. నా ఎర్ర లిస్టులో ఏడాదిగా అద్దె కట్టకుండా కాపురం ఉంటున్నది ఆ మూడే.

పేర్ల సంగతి ఒకటి చెప్పాలి. ఏ ఇంగ్లిష్ డిక్షనరీలోనూ మన పేర్లు ఉండవు. ‘వెంకటేశ్వర్లు’ అని మొదటిసారి రాస్తే వచ్చిన ముక్కల్ని మా అమ్మాయి స్క్రీన్‌షాట్ తీసి మా నాన్నకి పంపింది. పేర్లని ఒక్కో అక్షరం స్పెల్ చేయడం వచ్చు, కానీ 200 వేగంలో ఆరు సిలబుళ్ల పేరు స్పెల్ చేస్తూ కూర్చుంటే వెనకాల రెండు వాక్యాలు పోతాయి. కోర్టుల్లో కేసుకి ముందు పేర్ల లిస్టు తెప్పించుకుని బ్రీఫ్‌లు చేసుకోవడం రిపోర్టర్ల అలవాటు. ఆ అలవాటు ప్రాక్టీస్‌లోనే మొదలుపెట్టండి. ఏ సాఫ్ట్‌వేర్‌లో ఒక కొత్త మాట చేర్చడానికి చేతులు మెషిన్ మీద నుంచి తియ్యక్కర్లేదో అది మంచి సాఫ్ట్‌వేర్. ప్లవర్‌లో ఒక నొక్కుడుతో చిన్న విండో వస్తుంది, అక్కడే రాసి వెనక్కి వచ్చేయొచ్చు. క్యాట్‌లలోనూ ఈ సౌకర్యం ఉంది. ట్రయల్‌లో మీ ఇంటిపేరుతో పరీక్షించి చూడండి.

ప్లవర్ చాలని చోటు

ప్లవర్‌తోనే ఉద్యోగం దాకా వెళ్లిపోవచ్చని నేను చెప్పడం లేదు. కోర్ట్ ట్రాన్‌స్క్రిప్ట్‌కి ప్రశ్న, జవాబు, లాయర్ పేరు, పేజీకి ఇన్ని లైన్లు అని ఒక పద్ధతి ఉంటుంది. ఆడియోతో జోడించి, ఏ మాట ఎప్పుడు అన్నారో వెనక్కి వెళ్లి విని దిద్దుకోవాలి. క్యాట్ సాఫ్ట్‌వేర్లు పుట్టిందే దీనికి. ప్లవర్‌కి క్యాట్ ప్లగిన్ ఒకటుంది, వాడి చూశాను. చేసినవాళ్ల ఓపికకి దండం పెట్టాలి, కానీ జీతం దాని మీద పెట్టే ధైర్యం నాకు లేదు.

ఇంకో చిక్కు థియరీ. స్టెనోలో ఒకే మాటని ఎలా నొక్కాలో ఒక్కో స్కూల్ ఒక్కో పద్ధతి నేర్పుతుంది. ప్లవర్‌తో వచ్చే డిక్షనరీ మీ స్కూల్ థియరీ కాకపోవచ్చు. అది పెద్ద డిక్షనరీ కావడంతో మీ స్కూల్ ప్రకారం తప్పుగా నొక్కినా ఏదో ఒక మాట వచ్చేస్తుంది, మీరు ఒప్పు అనుకుంటారు. ఊహించే ఫీచర్ చేసే పనే ఇది, వేరే దారిలో. మందు సులువు: స్కూల్ ఇచ్చిన డిక్షనరీని లోడ్ చేసుకుని, ప్లవర్‌తో వచ్చినదాన్ని టిక్ తీసేయండి. మొదట్లో స్క్రీన్ నిండా చెత్త వస్తుంది. రానివ్వండి.

మీ స్కూల్ కానీ, మీరు వెనక కూర్చుని నేర్చుకోబోయే రిపోర్టర్ కానీ ఒక క్యాట్ వాడుతుంటే, చివరికి మీరూ అదే కొనండి. రెండింట్లో ఏది గొప్పదన్న వాదన ఐఫోన్, ఆండ్రాయిడ్ గొడవలాంటిదే. రాత్రి పదకొండింటికి ఏదో పనిచేయకపోతే ఫోన్ ఎత్తి చెప్పే మనిషి ఎవరి దగ్గరున్నారన్నదే నా లెక్క. ఎప్పుడు కొనాలంటే, నా అభిప్రాయంలో 140, 160 వేగం నిలకడగా దాటాక స్టూడెంట్ వెర్షన్. పూర్తి లైసెన్స్ సర్టిఫికెట్ చేతికొచ్చాక, మొదటి పని ఒప్పుకున్నాక. ఈ కోర్సు మధ్యలో మానేసేవాళ్లు ఎక్కువ. నా బ్యాచ్‌లో సగం పైన ఇప్పుడు లేరు. వాళ్లలో ఇద్దరి డాంగిల్స్ ఇంకా అమ్మకానికి ఉన్నాయి.

ఫ్రిస్కో ఆవిడకి ఇదంతా చెప్పాక కాసేపు మాట్లాడలేదు. “అయితే ఇప్పుడు నేనేం కొనక్కర్లేదా అన్నయ్యా?” అంది, కొంచెం నిరాశగా. కొత్త వస్తువు కొనబోతూ ఆగిపోవడం ఎలా ఉంటుందో నాకు తెలుసు, ఈ సైట్ చదివే మీకు ఇంకా బాగా తెలుసు. రూమ్‌మేట్ దగ్గర పాత విండోస్ ల్యాప్‌టాప్ ఉంటే అందులో ప్లవర్ వేసి, స్కూల్ డిక్షనరీ పెట్టి, మెషిన్ కనెక్ట్ చేసి ఫోన్ పెట్టేశాను. రాత్రి ఒక మెసేజ్ వచ్చింది. మొత్తం మెసేజ్‌లో చదవగలిగిన మాటలు మూడు. మిగతాదంతా కీల అక్షరాలే. చివర్న మామూలు కీబోర్డ్‌తో టైప్ చేసింది: “మీరన్నట్టే మొహం మీద కొడుతోంది.”

నాకు వచ్చే నెల 180 టెస్ట్. కుడి చిటికెన వేలు ఇంకా మాట వినడం లేదు.